సావుకారు పుస్తకం నుంచి బీకాం వరకు: మన లెక్క ఎవరు రాశారు?



ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక మందస వైపు తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, సీఈసీ పాసయ్యాను. బీకాం చేస్తే ఇంకా ఏమైనా ఉందా? ఎకౌంట్స్ అన్నీ కంప్యూటరే చేసేస్తోందంట కదా?" అక్కడున్న వాళ్లలో సగం మంది పోలీసు జాబుకి ప్రిపేర్ అవ్వమన్నారు, సగం మంది బీఈడీ వైపు చూడమన్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఈ ప్రశ్న వెనక మన జిల్లాలో వందేళ్ల కథ ఉంది. అది చెప్పకుండా అవుననో కాదనో అనేస్తే సగం జవాబే అవుతుంది. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట తేల్చుకుందాం. గిరిజనులకి లెక్క రాదు కాబట్టే మోసపోయారని మీటింగుల్లో పెద్దపెద్దవాళ్లు జాలిగా చెబుతుంటారు. నేను ఒప్పుకోను. సవర భాషలో అంకెలు చూడండి. పన్నెండు దాటాక పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు అని పోతాయి. ఇరవై దగ్గర ఒక కట్ట. తొంభై మూడు అనాలంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి. ఇంత లెక్క నోటితో చేసిన జాతి మనది. భాషాశాస్త్రం చదివే పిల్లలకి ఇతర దేశాల్లో కూడా దీన్ని పజిల్‌గా ఇస్తారు. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని వాచకాలు, నిఘంటువు తయారుచేశారు. 1936లో మంగేయి గొమాంగో సొరంగ్ సోంపెంగ్ లిపినే కనిపెట్టారు. లెక్క ఉంది, భాష ఉంది, ఆఖరికి లిపి కూడా వచ్చింది. కానీ అప్పు రాసే పుస్తకం మాత్రం సావుకారు ఇంట్లో ఉండేది.

సంతలో ఏం జరిగేదో మన ముసలోళ్లని అడిగితే చెబుతారు. ఉప్పు, బట్ట, వానాకాలం తిండిగింజలు అప్పు తెచ్చుకోవడం. పంట చేతికొచ్చాక చింతపండు, కందులు, పసుపు కొలిచి తీర్చడం. కుంచం ఆయనదే, కలమూ ఆయనదే. మనం ఎంత ఇచ్చామో మన నోట్లో ఉంటుంది, ఎంత జమ అయిందో ఆయన కాగితంలో ఉంటుంది. తగవు వస్తే నిలబడేది కాగితం, దాని కింద మన వేలిముద్ర.

మైదానంలో, అంటే టెక్కలి, మందస జమీందారీల్లో, ఇదే పని ఇంకో రకంగా జరిగేది. భూమి లెక్కలు కరణం చేతిలో ఉండేవి. ఎవరి పేరున ఎంత భూమి, శిస్తు ఎంత కట్టారు, ఎంత బాకీ, అన్నీ ఆయన రాసిందే. తండ్రి తర్వాత కొడుకు. 1948 చట్టంతో ఎస్టేట్లు పోయాయి, జమీందార్లు పోయారు, కరణాలు మాత్రం అలాగే ఉన్నారు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులు రద్దు చేసేదాకా ఊరి లెక్క రాసే ఉద్యోగం పుట్టుకతో వచ్చేదే. అంటే మన నాన్నలు చిన్నప్పటి సంగతి, మరీ పాతదేమీ కాదు.

తెల్లదొరలకి ఇదంతా తెలీదా అంటే తెలుసు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల కోసం ఒక చట్టం చేసింది. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకి. కొండజాతుల వాళ్ల దగ్గర ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ తీసుకోకూడదు, చక్రవడ్డీ వెయ్యకూడదు, మొత్తం వడ్డీ అసలుని మించకూడదు. భూమిని కొండజాతుల వాళ్లు కానివాళ్లకి అధికారి అనుమతి లేకుండా బదలాయిస్తే చెల్లదు. ఈ రోజు చదివినా మంచి చట్టమే. కానీ వడ్డీ అసలుని దాటిందని ఎలా చూపిస్తావు? అసలు ఎంత, కట్టింది ఎంత అన్నది రాసి ఉన్న చోటు ఒక్కటే. ఆ పుస్తకం ఎవరి పెట్టెలో ఉంది? చట్టం నంబరు ఇచ్చింది, ఆ నంబరు సరిచూసే మనిషిని ఇవ్వలేదు. నా మట్టుకు నాకు మన చరిత్రలో అన్నిటికంటే పెద్ద పాఠం ఇదే అనిపిస్తుంది.

పుస్తకం చేతికి రానప్పుడు జనం ఏం చేస్తారో ఇంకో చోట ముందే జరిగింది. 1875 మే నెలలో పూనా దగ్గర సూపే అనే ఊళ్లో రైతులు సావుకార్ల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలు, ఖాతా పుస్తకాలు తగలబెట్టారు. అది చుట్టుపక్కల ఊళ్లకి పాకింది. నాలుగేళ్ల తర్వాత ప్రభుత్వం దిగొచ్చి దక్కను రైతుల రక్షణకి చట్టం చేసింది.

మన దగ్గర 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర మహాసభకి వెళ్తున్న కోరన్న, మంగన్నలని కాల్చి చంపారు. అప్పట్లో ఆ పార్వతీపురం ఏజెన్సీ కూడా శ్రీకాకుళం జిల్లాయే. అక్కడ వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టార్లు. ఇక్కడ ఉద్దానంలో బొడ్డపాడు నుంచి పంచాది కృష్ణమూర్తి. 1968 నవంబరులో పెదగొత్తిలిలో ఒక భూస్వామి ఇంటి మీదకి రెండొందల మందికి పైగా గిరిజనులు వెళ్లారు. ధాన్యం పట్టుకెళ్లారు. దాంతోపాటు ప్రోనోట్లు, అప్పు కాగితాలు కూడా పట్టుకెళ్లారు. ఆకలితో ఉన్నవాళ్లు గింజలు తీసుకోవడం ఎవరికైనా అర్థమవుతుంది. కాగితాలు ఎందుకు? తమని కట్టేసింది ఆ కాగితమేనని వాళ్లకి తెలుసు కాబట్టి. ఆ పోరాటం దారి మీద మనలో మనకే వంద అభిప్రాయాలు ఉంటాయి, ఆ చర్చ ఇక్కడ వద్దు. కాగితాల సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

1970లో భూబదలాయింపు నిబంధనని సవరించారు, అందరూ చెప్పే 1/70 అదే. అందులో ఒక మలుపు ఉంది. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. కాగితం చూపించే భారం మొదటిసారి అటువైపు పడింది. మన దురదృష్టం, మందస, పలాస, టెక్కలి వైపు సవర పల్లెలు చాలావరకు ఐదో షెడ్యూలు హద్దుకి బయటే ఉండిపోయాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట కూడా పార్వతీపురం మన్యంలోకి వెళ్లిపోయింది. ఇక్కడ మన కాగితం మనమే చదువుకోవాలి.

ఇక మన ఆడవాళ్ల సంగతి. 2000లో వెలుగు మొదలైన మొదటి జిల్లాల్లో మనదొకటి. పొదుపు గ్రూపు పుస్తకం ఊళ్లోనే, మన మనిషి చేత్తోనే రాయడం అప్పుడే బాగా అలవాటైంది. తర్వాత ఉపాధి హామీ వచ్చింది, 2006 నుంచి సామాజిక తనిఖీ వచ్చింది. పదో తరగతో ఇంటరో చదివిన పల్లె కుర్రోళ్లు మస్టర్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, గ్రామసభలో పేరుపేరునా చదివి "నువ్వు ఇన్ని రోజులు పనిచేశావా, ఇంత డబ్బు ముట్టిందా" అని అడిగారు. ఆడిట్ అంటే ఇదే కదా! సీఏ చదివినవాళ్లు చేసేదీ సూత్రంలో ఇదే, కాగితం మీదున్నది నిజంగా జరిగిందా అని చూడడం.

అయినా మనలో కామర్స్ తీసుకున్నవాళ్లు తక్కువ. దానికి కారణం ఉంది. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. దాంతో అందరూ టీటీసీ, బీఈడీ. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. నేను బీకాం చేరినప్పుడు హాస్టల్లో "సావుకారు చదువు" అని నవ్వారు. అప్పుడు ఉక్రోషం వచ్చింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లు సరైన మాటే అన్నారు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. బిల్లు చూసి ట్యాలీలో ఎక్కించే పని తగ్గుతోంది, దాన్ని నమ్ముకుని మూడేళ్లు చదవొద్దు. మిగిలేది ఏంటో పలాసలోనే చూపిస్తాను. జీడి పిక్కల బస్తా 80 కిలోలు. 2023లో రైతులు బస్తాకి 16,000 రూపాయలు ఇవ్వమని అడిగారు, అంటే కిలో 200. బస్తా కొడితే సుమారు 20 నుంచి 24 కిలోల పప్పు వస్తుంది. 22 కిలోలు వస్తే పిక్కల ఖర్చు కిలో పప్పుకి 727 రూపాయలు. 20కి పడితే 800. ఆ రెండు కిలోల తేడా తేమ వల్లా, కాయ నాణ్యత వల్లా, తూకం వల్లా అని తేల్చేవాడే ఎకౌంటెంట్. ఫ్యాక్టరీల దగ్గర వాడున్నాడు. మందస కొండ మీద జీడి అమ్ముకునే మన వైపు లేడు. ఇంకోటి, రైతు దగ్గర పిక్కలు కొన్నప్పుడు జీఎస్టీ కట్టాల్సింది రిజిస్టర్డ్ కొనుగోలుదారుడే, రైతు కాదు. ఈ సంగతి మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

కాబట్టి తమ్ముడూ, చేరు. కానీ కష్టం కూడా విను. బీకాం 55 శాతంతో పాసైతే ఫౌండేషన్ లేకుండా సీఏ ఇంటర్‌కి వెళ్లొచ్చు. ఆర్టికల్‌షిప్ మూడేళ్లు ఉండేది, 2023 నుంచి రెండేళ్లు. ఆ రెండేళ్లు శ్రీకాకుళంలోనో విశాఖలోనో గది అద్దె కట్టుకుని, కొంచెం స్టైపెండ్‌తో బతకాలి. పరీక్ష ఇంగ్లీషులో లేదా హిందీలో రాయాలి, తెలుగులో లేదు. మనవాళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి మొదటి సంవత్సరం నుంచే ఇంగ్లీషు పట్టుకో. సీఏ కాకపోతే సీఎంఏ ఉంది, ట్రెజరీ, ఆడిట్ పోస్టులు ఉన్నాయి. మూలపేట పోర్టు పూర్తయితే టెక్కలి వైపు ఇంకొన్ని తెరుచుకుంటాయి.

చివరిగా గ్రూపు సభ్యులందరికీ ఒక విన్నపం. మీ ఇళ్లల్లో తాతల నాటి ప్రోనోటు గానీ, శిస్తు రసీదు గానీ, సంత చీటీ గానీ ఉంటే పారెయ్యకండి. పేర్లు కనపడకుండా మడిచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. వడ్డీ ఎంత వేశారో, 1917 చట్టం ప్రకారం ఎంత రావాలో అందరం కూర్చుని లెక్క కడదాం. సీఈసీ తమ్ముడితోనే మొదలుపెట్టిద్దాం.