తాడు పట్టేది బావమరిదే

చెంచులు తేనె తీసే తీరులో ఒక ముచ్చట నన్ను పట్టుకుని వదలడం లేదు. నల్లమల కొండచరియకు వేలాడుతూ తేనెపట్టు కోసేవాడి తాడును పైన పట్టుకునేది అతని బావమరిది. సొంత అన్నదమ్ములకు ఆ పని అప్పగించరు. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు ఎవడు పోగొట్టుకుంటాడు? ‘బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు’ అని మా కృష్ణా జిల్లాలో పొలం గట్టు తగాదా వచ్చినప్పుడల్లా అంటారు. చెంచులు ఆ సామెతకు ప్రాణాన్నే వేలాడదీశారు.

ఇది మన చెవిన పడిందంటే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దంపతుల పుణ్యమే. ఆస్ట్రియా ఆయన, ఇంగ్లీషు ఆవిడ బెట్టి. యుద్ధం రోజులు, శత్రుదేశం పాస్‌పోర్టు కావడంతో ఆయన్ను నిజాం రాజ్యం దాటొద్దన్నారు. అలా 1940లో కృష్ణ ఒడ్డున అమ్రాబాద్ పీఠభూమికి చేరారు. అక్కడి చెంచుల సంసారమంతా నెత్తిమీది గంపలో పట్టేది: రెండు కుండలు, గొడ్డలి, విల్లు, గడ్డలు తవ్వే ఇనపమొన కర్ర. ఎండాకాలం వస్తే ఆకుల గుడిసె వదిలేసి నీటి పక్కకు నడిచేవాళ్లు. ‘ది చెంచూస్’ పుస్తకం 1943లో వచ్చింది. అదే ఏడు కమలా కోట్నీస్ ‘చెంచులక్ష్మి’గా వెండితెర మీదికొచ్చింది. మనవాళ్లు దేన్ని చూశారో వేరే చెప్పాలా!

అడవికి బదులు ఎడారి అయినా, మొగుడి నీడలో రాసే భార్య కథ ఒకటే; బెట్టిది చివర చెబుతాను. ఇంగ్లీషు కవి బైరన్ మనవరాలు ఆన్ బ్లంట్ 1879లో గుర్రమెక్కి అరేబియాలోని నెజ్ద్ చూసొచ్చింది. ఎడారి తెగల మీద ఆమె రాసిన పుస్తకానికి ముందుమాటా, దిద్దుబాటూ మొగుడివి.

మన సంచారుల్లో లంబాడీలదీ పెద్ద కథే. బేరారు పత్తి కోస్తాకు దింపి, ఇక్కడి ఉప్పు ఎద్దులకెత్తి దక్కనుకు మోసేవాళ్లు. 1889లో నిజాం రైలు బెజవాడకు వచ్చింది. ఎద్దులకు బేరం పోయింది. వాళ్ల గురించి రాసినవాళ్లలో సైనికాధికారులూ పోలీసులే ఎక్కువ. అందుకే గింజల లెక్క, నేరాల చిట్టా దొరుకుతాయి గానీ ఆ ఎద్దుల గంటల చప్పుడులో పిల్లల్ని ఎలా నిద్రపుచ్చారో దొరకదు.

ఇక చెంచుల నల్లమల 1983లో పులుల అభయారణ్యమైంది. విజయవాడలో తేనె సీసా మూత తిప్పినప్పుడల్లా నాకు ఆ తాడే గుర్తొస్తుంది.

ఇక బెట్టి సంగతి. డైరీలు రాసింది, దక్షిణాసియా మీద వచ్చిన మానవశాస్త్ర రచనలకు మూడు సంపుటాల సూచిక కూర్చింది. 1979లో భర్త పేరుతో వచ్చిన గోండుల పుస్తకం మీద మాత్రం ఆమెది ‘సహకారం’. 1987లో హైదరాబాదులో పోయింది. ఆదిలాబాద్ అడవిలోని మార్లవాయిలో, తాము కాపురమున్న గోండుల ఊళ్లోనే సమాధి కట్టారు. ఆయన అస్థికలు 2012లో వచ్చి ఆమె పక్కన చేరాయి.