కార్ ఆడియో: స్పీకర్ మీద బోస్, జేబీఎల్ పేరుంటే చాలా? బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

ప్యాపిలి: హైదరాబాద్-బెంగళూరు హైవే మీద ప్యాపిలి నుంచి అనంతపురం దాటి వెళ్తే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వస్తుంది. అక్కడ తయారై 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన సెల్టోస్ టాప్ వేరియంట్లలో 8 స్పీకర్ల బోస్ సిస్టమ్ ఇచ్చారు. అదే ఏడాది టాటా హారియర్ 9 స్పీకర్ల జేబీఎల్‌తో, 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700 12 స్పీకర్ల సోనీతో వచ్చాయి. మరి పేరుకు తగ్గ సౌండ్ ఉందా? దీనిపై రెండు వాదనలున్నాయి.

బాగుందనేవాళ్లు: కారు లోపలి సైజుకు తగ్గట్టు కంపెనీయే ట్యూన్ చేసి ఇస్తుంది. వైర్లు కోయక్కర్లేదు, వారంటీ గొడవ ఉండదు.

దండగ అనేవాళ్లు: ఆడియో ఒక్కటే కావాలన్నా చాలా మోడళ్లలో టాప్ వేరియంటే కొనాలి. ఆ తేడా డబ్బుతో బయట మంచి స్పీకర్లు, ఆంప్లిఫైయర్, డోర్లకు డ్యాంపింగ్ షీట్లు వేయించుకోవచ్చు.

ఎలా తేల్చుకోవాలి?

* షోరూమ్‌లో ఆగి ఉన్న కారులో విని సరిపెట్టుకోవద్దు. హైవే స్పీడ్‌లో టైర్ల హోరు బేస్‌ను మింగేస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లోనే వినండి.
* మీకు బాగా తెలిసిన పాట పెట్టండి. బ్లూటూత్‌లో ఒకసారి, యూఎస్‌బీలో ఒకసారి.
* వాల్యూమ్ పెంచితే గొంతు చీలినట్టు వినిపిస్తోందా, డోర్ ప్యాడ్ అదురుతోందా చూడండి.
* కింది వేరియంట్‌లోనూ అదే పాట వినండి. తేడా తెలియకపోతే ఆ డబ్బు మిగుల్చుకోవడమే మేలు.