పైపొర దగ్గర లెక్క: బంగారు నానో కణాల ఉపరితలం, కంప్యూటర్ అనుకరణ

బంగారు పరమాణువు ఒకదాని చుట్టూ పన్నెండింటిని ఐకోసాహెడ్రన్ అనే ఇరవై ముఖాల రూపంలో పేరిస్తే, లోపల ఉండేది ఆ ఒక్కటే. దాని మీద మరో పొర వేస్తే మొత్తం 55. అందులో 42 బయటే ఉంటాయి. మూడో పొరతో 147కి 92, నాలుగో పొరతో 309కి 162. అంటే మూడు వందలు దాటిన కణంలో కూడా సగానికి పైగా పరమాణువులకు ఒక వైపు ఇరుగుపొరుగు లేరు. ఇంత పెద్ద వాటాను కంప్యూటర్ లెక్కకు అప్పగించినప్పుడు ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు? లోపలి పదార్థం మీద నెగ్గిన నమూనా పైపొర మీద కూడా నెగ్గుతుందని ముందే అనుకోవడానికి వీల్లేదనీ, ఉపరితలంలో వచ్చే పొరపాట్లు ఒకే జాతివి కావనీ ఈ వ్యాసంలో చూపదలిచాను.

విచిత్రమేమంటే, పరమాణువుల కదలికను లెక్కగట్టే అనుకరణ తన తొలి రోజుల్లో ఉపరితలాన్ని తప్పించుకునే ముందుకు నడిచింది. 1927లో హైదరాబాద్‌లో పుట్టిన అనీసుర్ రహ్మాన్, అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ ల్యాబొరేటరీలో పనిచేస్తూ 1964లో 864 ఆర్గాన్ పరమాణువుల ద్రవాన్ని అనుకరించిన పరిశోధన పత్రం వెలువరించారు. (తెలుగులో రాస్తే ఒకేలా కనిపిస్తాయి గానీ ఆ ప్రయోగశాల పేరుకూ వాయువు పేరుకూ సంబంధం లేదు.) ఆయన పెట్టెకు గోడలు లేవు. కుడి పక్క దాటిపోయిన పరమాణువు ఎడమ పక్క నుంచి మళ్లీ లోపలికి వస్తుంది. ఈ ఉపాయం ఎందుకు అవసరమైందో చిన్న లెక్కతో తెలుస్తుంది. 864 పరమాణువులను ముఖకేంద్రిత జాలకంలో ఘనాకారంగా పేర్చి వదిలేస్తే, వాటిలో 364 బయటి ముఖాల మీదే ఉంటాయి. ద్రవం గుణాలు తెలుసుకోవాలనుకున్నవారికి అది పెద్ద అడ్డంకి. నానో కణం దగ్గరికి వచ్చేసరికి ఆనాడు వద్దనుకున్న ఆ 364 మీదే మన పరిశోధనంతా.

ఆర్గాన్‌కు సరిపోయిన లెనార్డ్-జోన్స్ సూత్రాన్ని లోహానికి వాడితే ఏమవుతుంది? అందులో ప్రతి జంట పరమాణువుల మధ్య బంధానికీ ఖరీదు విడిగా, స్థిరంగా ఉంటుంది. పక్కన ఎందరున్నారన్నదానితో ఆ ఖరీదుకు పని లేదు. దాని ప్రకారం స్ఫటికంలో ఒక ఖాళీ సృష్టించడానికి పట్టే శక్తి, ఒక్కో పరమాణువును పదార్థంతో కట్టి ఉంచే శక్తికి దాదాపు సమానం కావాలి. బంగారంలో ఆ రెండోది సుమారు 3.8 ఎలక్ట్రాన్ వోల్టులు. మొదటిది ఒకటికి కాస్త తక్కువ. నాలుగు రెట్లు తేడా! లోహంలో పొరుగు తగ్గితే మిగిలిన బంధాలు బిగుస్తాయి. అందుకే చాలా లోహాల్లో పైపొర లోపలికి నొక్కుకుంటుంది, జంటల సూత్రం మాత్రం దాన్ని బయటికి ఉబ్బిస్తుంది. 1984లో ముర్రే డా, మైకేల్ బాస్కెస్ ప్రతిపాదించిన ఎంబెడెడ్ యాటమ్ పద్ధతి ఈ లోటును తీర్చింది. అందులో ప్రతి పరమాణువూ పొరుగువాటి ఎలక్ట్రాన్ మేఘంలో మునిగి ఉంటుంది. ఆ మునకకు దక్కే లాభం మేఘం చిక్కదనంతో పాటు అదే నిష్పత్తిలో పెరగదు. ఒంటరి లోహ కణాల ఆకారాలకు ఇది ఇప్పటికీ పనికొచ్చే సాధనమే. అయితే కణం మీద గంధకమో కార్బన్ మోనాక్సైడో వచ్చి కూర్చున్నప్పుడు ఎలక్ట్రాన్లనే లెక్కలోకి తీసుకోవాలి. అక్కడ డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతం తప్పదు.

అదీ పైపొర దగ్గర తడబడిన సందర్భం ఉంది. ప్లాటినం చదును ముఖం మీద కార్బన్ మోనాక్సైడ్ తక్కువగా ఉన్నప్పుడు ఒక్కో అణువు ఒక్కో ప్లాటినం పరమాణువు నెత్తిన నిలబడుతుందని ప్రయోగాలు చెబుతాయి. ఆ సిద్ధాంతంలో శక్తిని ఉజ్జాయింపుగా లెక్కగట్టడానికి వాడుకలో ఉన్న సూత్రాలు, అంటే ఫంక్షనళ్లు మాత్రం మూడు పరమాణువుల నడుమ గుంటలోకి దాన్ని దింపాయి. ఫైబెల్‌మన్, ఆయన సహచరులు 2001లో ఈ చిక్కును పేరు పెట్టి మరీ చర్చకు తెచ్చారు. కార్బన్ మోనాక్సైడ్‌లోని ఖాళీ కక్ష్యను ఆ ఫంక్షనళ్లు ఉండాల్సిన దానికంటే కిందికి దించడంతో, లోహం నుంచి ఎలక్ట్రాన్లు అటు మోతాదు మించి ప్రవహిస్తాయి. ఇది శక్తి లెక్కలోనే ఉన్న తప్పు. కంప్యూటర్ ఎంత పెద్దదైనా దీన్ని దిద్దలేదు.

రెండో జాతి తప్పుకు బంగారమే ఉదాహరణ. గంధకం ఉన్న థయోల్ అణువుల పూత వేసిన బంగారు కణంలో గంధకం, ఎప్పట్లాగే ఉన్న బంగారు ముఖం మీద వచ్చి అతుక్కుంటుందని చాలాకాలం అనుకున్నారు. 2006లో హాక్కినెన్, వాల్టర్, గ్రోన్‌బెక్ 38 బంగారు పరమాణువులు, 24 మిథైల్ థయొలేట్లు ఉన్న కణాన్ని లెక్కగట్టి వేరే చిత్రం ప్రతిపాదించారు. గంధకం బంగారాన్నే రెండుగా చీలుస్తుంది: కొంత గర్భంగా మిగులుతుంది, మిగతాది గంధకంతో కలిసి దానికి కవచమవుతుంది. వారి నమూనాలో గర్భం 14 పరమాణువులు, కవచం నాలుగేసి బంగారు పరమాణువులున్న ఆరు వలయాలు.

మరుసటి ఏడాది స్టాన్‌ఫోర్డ్‌లో రోజర్ కార్న్‌బర్గ్ బృందం 102 బంగారు పరమాణువులు, 44 పారా మెర్కాప్టోబెంజోయిక్ ఆమ్ల శేషాలు ఉన్న కణాన్ని స్ఫటికీకరించి ఎక్స్-రే చిత్రం తీసింది. గర్భం 79. మిగిలిన 23 బంగారు పరమాణువులు గంధకాల నడుమ ఇరుక్కుని, స్టేప్లర్ పిన్నుల్లా గర్భానికి గుచ్చుకుని ఉన్నాయి. ఒక్కో బంగారం, రెండేసి గంధకాలు ఉన్న పిన్నులు 19. రెండేసి బంగారాలు, మూడేసి గంధకాలు ఉన్నవి 2. కూడి చూడండి: 23 బంగారాలు, 44 గంధకాలు, ఒక్కటీ తేడా రాదు. లెక్క చెప్పిన చీలిక నిజమే, వలయాలు మాత్రం లేవు. 38 పరమాణువుల కణానికి 2008లో పెయి, గావో, జెంగ్ పిన్నుల ఆధారంగా కొత్త రూపం కట్టారు: ముఖం కలిపి అతికిన రెండు ఐకోసాహెడ్రన్లు, మొత్తం 23 పరమాణువుల గర్భం. 2010లో స్ఫటికంలో కనిపించింది ఆ గర్భమే.

ఇక్కడ సిద్ధాంతం మారలేదు, పోటీకి నిలబెట్టిన అభ్యర్థులు మారారు. 2006 నాటి లెక్క తన ముందు పెట్టిన ఆకారాల్లో మంచిదాన్నే ఎంచింది. అసలుది ఆ వరుసలో లేదు. ప్లాటినం మీద జరిగింది దీనికి తలకిందులు: సరైన స్థానం వరుసలోనే ఉంది, త్రాసే తప్పు తూచింది. అనుకరణ విఫలమైందని రాసే పత్రాలు ఈ రెంటిలో ఏది జరిగిందో విడదీసి చెప్పడం అరుదు. చెప్పకపోవడం పెద్ద లోపమని నా అభిప్రాయం, ఎందుకంటే త్రాసు తప్పుకు మందు మెరుగైన ఫంక్షనల్, వరుసలోని లోటుకు విస్తృతమైన గాలింపు.

గాలింపు మాత్రం ఖరీదైన పని. ఒక్కో అడుగు ఒక ఫెమ్టోసెకను చొప్పున వేస్తే మైక్రోసెకనుకు నూరు కోట్ల అడుగులు కావాలి. ప్రతి అడుగుకూ ఎలక్ట్రాన్ లెక్క చేయడం జరగని పని. 2007లో బేలర్, పరినెల్లో చూపిన బాటలో, ఎలక్ట్రాన్ లెక్కల ఫలితాలను న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పి వేగం సాధిస్తున్నారు. కానీ లోపలి స్ఫటికాలతోనే నేర్పిన నెట్‌వర్క్‌కు మూలమీది పరమాణువు అపరిచితం, త్రాసులోని తప్పు కూడా పాఠంతో పాటే దానికి సంక్రమిస్తుంది.

లెక్క తేలిక కావడానికి చేసే ఇంకో సర్దుబాటు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పూతలోని పొడవైన అణువును, అంటే లిగాండును, కత్తిరించి మిథైల్ పెడతారు. గర్భం ఆకారానికి దానితో నష్టం తక్కువ. కానీ 102 పరమాణువుల కణం నీటిలో కరిగేది తన ఆమ్ల సమూహాల వల్లనే. అవి ప్రోటాన్ వదిలి రుణావేశం తెచ్చుకుంటాయి, చుట్టూ నీటినీ సోడియం అయాన్లనూ పేర్చుకుంటాయి. కణం ఒక ప్రోటీను దగ్గరికి చేరితే దానికి తగిలేది ఆ పేర్పే. మిథైల్ పెట్టిన నమూనాలో అది మొదటి నుంచీ ఉండదు.