వంశధార యెడమగట్టు నేల

కోటబొమ్మాళికిని తిలారునకును నడుమ, హౌరా–మదరాసు రైలుమార్గముమీద హరిశ్చంద్రపురమను చిన్న స్టేషనొకటి కలదు. 2009 ఎన్నికలతో మాసిపోవువఱకు శాసనసభలో ఈ పేరిట ఒక నియోజకవర్గమును ఉండెను. ఇచ్చటి నేల వంశధార యెడమగట్టున, కొండలకును సముద్రమునకును నడుమ సాగిన సీమ: కాలువ తడుపు పల్లము, వానకై కాచుకొనియుండు మెట్ట, ఆ రెంటి నడుమ గరువు, తీరపు దాపున నీరు నిలుచు తంపర. వీని వెలలను తరతరములుగ నిర్ణయించుచున్నవి రెండే: ఒకటి నీరు, రెండవది దూరదేశమునుండి వచ్చిన సొమ్ము.

ఈ నేలకు హద్దులు వ్రాయుట నేటి మాట కాదు. ముఖలింగమే తూర్పుగాంగుల రాజధానియగు కళింగనగరమని నిరూపింప బూనిన గిడుగు రామమూర్తిగారు 1863లో ఈ నదీతీరమందలి పర్వతాలపేటలోనే జన్మించిరి. ఆ గాంగుల తామ్రశాసనములలో దానగ్రామముల యెల్లలు గుట్ట, పుట్ట, చెట్టు, గుంట, ఏటిగట్టు అను గుర్తులతో చెప్పబడినవి. నేడు రిజిస్ట్రేషను కచేరీలో వ్రాయు నాలుగు హద్దులకు ఇవియే పూర్వరూపములు.

1802 నాటి శాశ్వతపరిష్కారముతో నేల వేలముపాటకు వచ్చెను. కుంపిణీవారు హవేలీ భూములను, అనగా సర్కారు సొంత భూములను, చిన్న యెస్టేటులుగ విడగొట్టి, హెచ్చుగ పాడినవారికి ధారాదత్తము చేసిరి. గడువునకు పేష్కషు చెల్లనిచో ఆ యెస్టేటు మఱల పాటకు పోవుచుండెను. దున్నువాడు మాత్రము ఏ పాటలోను లేడు. 1908 నాటి ఎస్టేటు భూముల చట్టము జిరాయితీ రైతునకు శాశ్వతమైన సాగుహక్కు నొసగినను, శిస్తు బకాయిలు, అడవికలప, చెఱువుల మరమ్మతు అను తగవులు తెగలేదు. 1937లో ఇచ్ఛాపురమునుండి మదరాసునకు రైతురక్షణయాత్ర సాగెను; 1940 మార్చిలో పలాసయందు అఖిలభారత కిసాను మహాసభ జరిగెను; కొలది దినములకే, ఏప్రిల్ 1వ తేదీన, మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురమున, తమవారిని పట్టుకొనిపోవుచున్న పోలీసులకు అడ్డునిలిచిన గున్నమ్మ యను రైతుస్త్రీ తుపాకికి బలియయ్యెను. ఎనిమిదేండ్లకు, 1948లో, జమీందారీల రద్దు చట్టమును, దానివెంట రైతువారీ పట్టాలును వచ్చినవి. ఈ లోయలో మడత నలిగి పెట్టె యడుగున నున్న ప్రతి పట్టా వెనుకను ఆ తల్లి రక్తమున్నదని నా దృఢవిశ్వాసము.

అయితే పట్టా యున్నంతమాత్రమున నేల నిలువదు. తాకట్టు విడిపించుటకు సొమ్ము కావలెను. ఆ సొమ్ము ఈ నేలపై పండలేదు. అందుచేతనే ఈ తీరపు జనులు ఓడలెక్కి బర్మాలోని రంగమునకు (రంగూనునకు) పోయి, ధాన్యపుమిల్లులలోను రేవులలోను మూటలు మోసి, కూడబెట్టినది తెచ్చి, ఇక్కడ మడిచెక్కయో ఇంటిస్థలమో కొనిరి. 1942లో జపాను సేనలు బర్మాను ముట్టడించినపుడు, అడవులబడి కాలినడకన మరలివచ్చిన తెలుగు కూలీలలో ఈ సీమవారు అనేకులు. ఇక ఇంటిస్థలమన్నచో, ఇచ్చటి పల్లెలలో ఇండ్లు గోడకు గోడ ఆనించి వీధికి రెండు ప్రక్కల బారులు తీఱియుండును. ముందు అరుగు, లోపల వరుసగ గదులు, వెనుక పెరడు. కావున స్థలమునకు లోతుకంటె వీధివైపు వెడల్పే విలువ; అన్నదమ్ములు వేఱుపడినపుడెల్ల చీలునదియు ఆ వెడల్పే. నాడు రంగము చేసిన పనిని నేడు విశాఖపట్టణమును, హైదరాబాదును, సైన్యపు కొలువును చేయుచున్నవి.

1970ల చివర హిరమండలము చెంత గొట్టా బ్యారేజి నుండి యెడమ ప్రధానకాలువ పాఱుటతో, సుమారు 1,48,000 ఎకరముల ఆయకట్టునకు భాగ్యము కలిగినది. కాని కాలువ మొదటి నేల యొక్క వెలయు శివారు నేల యొక్క వెలయు ఎన్నడును ఒకటి కాలేదు; శివారు రైతు నేటికిని సాగుకాలమున ఆకాశముకేసి చూచుచునే యున్నాడు. ఆపైని జాతీయరహదారి విశాలమైనది. 2023 ఏప్రిల్ 19న సంతబొమ్మాళి మండలములోని మూలపేటలో ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. ఇట్టి సూచనలు కనబడినచోటనెల్ల మళ్లగట్లు చదునై, సున్నపు గీతలతో లేఅవుట్లు వెలయుట సహజము. కొనువారిని నేను తప్పుపట్టను. పరాయి యూరిలో కష్టించినవాడు సొంతయూర నాలుగు సెంట్ల స్థలము కోరుట న్యాయమే. నా బాధ యంతయు చెఱువుల గూర్చియు గెడ్డల గూర్చియు. గట్టు కొట్టి పూడ్చిన చెఱువు దస్తావేజులో చదునైన స్థలముగ వ్రాయబడవచ్చును గాని, వాన ఆ వ్రాతను చదువదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినపుడు ఉద్దానమను తోటల సీమలోని కొబ్బరియు జీడిమామిడియు నేలకూలుటయేకాక, వంశధారయు పొంగి పల్లపు పొలములను ముంచెను.

కావున ఈ లోయలో స్థలము కొనదలచిన సోదరులారా, దస్తావేజునకును అడంగలునకును ముందు, ఒక శ్రావణమాసమున ముసురుపట్టిన దినము చూచి ఆ నేలమీదకు రండు. ఊరిలోని వృద్ధుడైన రైతునొకనిని వెంటబెట్టుకొని, నీరు ఏ దారిని పాఱుచున్నదో ఆయన చూపినమీదటనే బయానా ఈయుడు.