నేపాళమున రాజే ప్రధానియైన వేళ

నేపాళమనగానే తెలుగువారికి మొదట స్మరణకు వచ్చునది పశుపతినాథుని కోవెల. పిదప గండకీ నది. మన యిండ్లలో తరతరములుగా పూజలందుకొనుచున్న సాలగ్రామములకు పుట్టినిల్లు ఆ నదియే. ఆ దేశపు రాజును ప్రజలు విష్ణువు అంశగా భావించెడివారు. అట్టి రాజు తన మంత్రులను తొలగించి, పరిపాలనాధికారమును తానే చేపట్టిన ఉదంతమును నేడు శ్రోతలకు మనవి చేయదలచితిని. అది ఒక్కసారి జరిగినది కాదు. 1960లో తండ్రి యొకసారి, 2005లో కుమారుడొకసారి ఆ పని చేసిరి. తండ్రి నెలకొల్పిన యేర్పాటు ముప్పది యేండ్లు నిలిచెను. కుమారునిది పదునైదు మాసములైనను నిలువలేదు. ఈ భేదమేల కలిగెనను ప్రశ్నయే నన్ను ఈ విషయమునకు ఈడ్చుకొని వచ్చినది.

నేపాళ రాజులు ఎల్లకాలమును నిరంకుశులుగా నుండిరని మనలో పలువురు తలచుచుందురు. అది సరికాదు. 1846లో జంగ్ బహదూరు కోట్ అనుచోట తన ప్రత్యర్థులను ఊచకోత కోయించి ప్రధానమంత్రియైనది మొదలు 1951 వరకు, అనగా నూరేండ్లకు మించి, రాజునకు పేరును, రాణా వంశమునకు పెత్తనమును దక్కినవి. ప్రధాని పదవి ఆ వంశమున అన్న తరువాత తమ్మునికి సంక్రమించుచుండెను. రాజు ఉత్సవ విగ్రహమువలె ఏడాదికి కొన్ని మారులు మాత్రమే బయటికి వచ్చెడివాడు.

1950 నవంబరులో త్రిభువన మహారాజు విహారమునకు పోవు మిషతో కుటుంబ సమేతుడై బయలుదేరి, భారత రాయబార కార్యాలయమున శరణు చొచ్చెను. మూడేండ్ల మనుమడొకడు మాత్రము వెనుక నిలిచిపోయెను. రాణా ప్రధాని మోహన్ షంషేరు ఆ పసివానినే సింహాసనముపై కూర్చుండబెట్టి రాజని చాటించెను. ఆ బాలుని పేరు జ్ఞానేంద్రుడు. శ్రోతలు ఈ పేరును గుర్తుంచుకొనవలెను. భారత ప్రభుత్వము ఆ పట్టాభిషేకమును గుర్తింపలేదు. ఆ ప్రభుత్వపు ఒత్తిడియు, నేపాలీ కాంగ్రెసువారి సాయుధ పోరాటమును కలసి రాణాలను లొంగదీసెను. త్రిభువనుడు తిరిగి వచ్చి 1951 ఫిబ్రవరి 18వ తేదీన ఒక ప్రకటన గావించెను. ప్రజలెన్నుకొనిన రాజ్యాంగ నిర్మాణసభ వ్రాసిన రాజ్యాంగము ననుసరించి ఇకమీద పరిపాలన జరుగునని దాని సారము.

ఆ మాట నిలువలేదు. 1955లో త్రిభువనుడు కాలధర్మము నొందగా కుమారుడు మహేంద్రుడు గద్దె నెక్కెను. ఈయన పట్టుదలగల మనిషి. కవిత్వము వ్రాసిన రాజు. ఓపికగా సమయమునకై కాచుకొని యుండగలవాడు. నిర్మాణసభ ఊసెత్తక, తానొక సంఘము చేత రాజ్యాంగము వ్రాయించి 1959 ఫిబ్రవరిలో ప్రజలకు ప్రసాదించెను. చిక్కంతయు ఈ ప్రసాదించుటలోనే యున్నదని నా అభిప్రాయము. ప్రజలు తాము వ్రాసికొనిన శాసనము ప్రజల సొత్తు. రాజిచ్చిన శాసనము ఇనాము వంటిది. ఇచ్చినచేయి మరల పుచ్చుకొనవచ్చును. ఆ పుచ్చుకొనుటకు వలసిన ద్వారము కూడ అందే యుండెను. ఆపత్సమయమని రాజునకు తోచినచో రాజ్యాంగమును నిలిపివేసి అధికారమంతయు తానే వహించుటకు 55వ అధికరణము వీలు కల్పించినది.

అదే సంవత్సరమున ఆ దేశపు మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగెను. మొత్తము 109 స్థానములలో నేపాలీ కాంగ్రెసునకు 74 లభించినవి. విశ్వేశ్వర ప్రసాద్ కొయిరాలా ప్రధాని యయ్యెను. ఈయన మనకు పరాయివాడు కాడు, 1942 ఉద్యమములో బ్రిటిషువారి చెరసాలను చూచినవాడు, మంచి కథకుడు. పదవిలోనికి వచ్చిన కొలది మాసములకే ఈయన బిర్తా భూములను రద్దుచేయు శాసనమును గావించెను. బిర్తా యనగా పన్నులేని దానభూమి, మన యీనాము వంటిది. రాణాలును, రాజబంధువులును, సేనాధిపతులును తినుచుండిన భూములవి. ఆ మంత్రివర్గముపై పెద్దలకు కంటగింపు ఎక్కడ మొదలాయెనో వేరుగా చెప్పనక్కరలేదు.

1960 డిసెంబరు 15వ తేదీన కొయిరాలా తన పార్టీ యువజనుల సభలో నుండగా సైనికులు వచ్చి పట్టుకొనిపోయిరి. మంత్రివర్గమును, పార్లమెంటును రాజు రద్దు గావించెను. శాంతిభద్రతలు క్షీణించినవనియు, లంచగొండితనము ప్రబలినదనియు, జాతికి ద్రోహము జరుగుచున్నదనియు చాటించిరి. న్యాయస్థానమున నేరమేదియు రుజువు కాలేదు, విచారణయే జరుగలేదు. మూడింట రెండు వంతుల సభ్యుల బలముగల ప్రధాని ఎనిమిదేండ్లకు దగ్గరగా సుందరీజలులోని నిర్బంధమున గడపెను. అక్కడ కూర్చుండి నవలలు వ్రాసెను.

మహేంద్రుడు 1961 జనవరిలో పార్టీలను నిషేధించి, 1962 డిసెంబరులో పంచాయతీ రాజ్యాంగమును తెచ్చెను. పంచాయతియను మాట మన చెవులకు ఇంపైనది. పేరు మనదే గాని పని వేరు. గ్రామస్థులు గ్రామ పంచాయతిని ఎన్నుకొందురు, దానిపై జిల్లా, ఆపై అంచెలంచెలుగా జాతీయ పంచాయతి, అందు కొందరిని రాజే నియమించును. పార్టీయను మాట ఎత్తరాదు. మెట్లన్నియు కోటవైపునకే ఎక్కును. ఈ మట్టికి తగిన ప్రజాస్వామ్యము ఇదియేనని ప్రభుత్వము వారు చెప్పుచుండిరి.

భాగ్యము కూడ ఆయనకు తోడ్పడెను. దేశాంతరమున నుండిన కాంగ్రెసువారు సరిహద్దుల నుండి సాయుధముగా పోరాడుచుండగా, 1962లో చైనాతో యుద్ధము సంభవించినది. ఉత్తరమున నేపాళరాజుతో వైరము మనకు దుర్భరమయ్యెను. ఆ పోరాటము ఆగిపోయెను.

ప్రజాస్వామ్యమునకు కలిగిన నష్టము ఒక సభ రద్దగుటతో ముగియలేదు. రద్దయిన సభను ఒక దినమున మరల పిలువవచ్చును. పోయిన తరమును పిలువలేము. 1959 సభకు అధ్యక్షత వహించిన కృష్ణప్రసాద్ భట్టరాయి ముప్పదియొక యేండ్ల తరువాత, 1990లో, ప్రధాని యయ్యెను. నడుమ ఆ నాయకులకు దొరికినది చెరసాల, బనారసు, పాట్నా వంటి ఊళ్ళలో ప్రవాసము, రహస్య సమావేశము. పద్దులు వ్రాయుట, ప్రతిపక్షము మాట వినుట, ఓడిన మరునాడు ఇంటికి పోయి మరల ఎన్నికకై వేచియుండుట, ఇవి అభ్యాసముచే వచ్చు విద్యలు. ఆ విద్యలు నేర్వవలసిన తరము దండించు కోటను మాత్రమే ఎరిగెను. 1980లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో పంచాయతీ పద్ధతికి సుమారు నూటికి 55 ఓట్లు వచ్చినవని ప్రకటించిరి. ప్రచారమంతయు ప్రభుత్వము చేతిలో నుండగా తక్కిన 45 ఓట్లు వచ్చుటయే నాకు వింతగా తోచును.

1990లో ప్రజలు వీథుల కెక్కగా, మహేంద్రుని పెద్దకుమారుడు వీరేంద్రుడు పట్టు సడలించి, పార్టీలకు స్వేచ్ఛ నిచ్చెను. ఆ నవంబరులో వచ్చిన రాజ్యాంగము సార్వభౌమత్వము ప్రజలదని స్పష్టముగా చెప్పినది. అయినను పాత ఇంటికి ఒక దొడ్డిదారి మిగిలిపోయెను. రాజ్యాంగమును అమలు జరుపుటలో చిక్కులేర్పడినచో వానిని తొలగించుటకు రాజు ఉత్తరువులు చేయవచ్చునని 127వ అధికరణము. ఆ ఉత్తరువులను పార్లమెంటు ముందుంచవలెనని కూడ అందే కలదు.

తరువాతి పన్నెండేండ్లలో పార్టీలవారు కీర్తి సంపాదించుకొనలేదు. మంత్రివర్గములు ఇంచుమించు ఏడాదికొకటి చొప్పున మారినవి. 1996 ఫిబ్రవరిలో మావోయిస్టులు సాయుధ పోరాటము నారంభించిరి. 2001 జూన్ 1వ తేదీ రాత్రి రాజమందిరములోనే వీరేంద్రుడు సకుటుంబముగా హతుడయ్యెను. యువరాజు దీపేంద్రుడే కాల్చెనని విచారణ సంఘము చెప్పినను నమ్మనివారు పెక్కుమంది. మూడు దినములు తిరుగకుండ, మూడేండ్ల ప్రాయమున ఒకమారు కిరీటము ధరించిన జ్ఞానేంద్రుడు రెండవ మారు ధరించెను.

2002 మేలో ప్రధాని షేర్ బహదూర్ దేవుబా తానే ప్రతినిధి సభను రద్దు చేయించెను. యుద్ధము నడుమ ఎన్నికలు జరుపలేక వాయిదా కోరగా, అక్టోబరు 4వ తేదీన రాజు ఆయనను అసమర్థుడని తొలగించెను. ఆధారము ఆ 127వ అధికరణమే. ఉత్తరువును పార్లమెంటు ముందుంచవలెను; పార్లమెంటు లేదు. దొడ్డితలుపు తెరిచినవాడు రాజే. వీథితలుపు గడియ వేసి తాళము చేతికిచ్చినవారు మాత్రము పార్టీలవారే. రెండేండ్లలో ముగ్గురు ప్రధానులను నియమించి, వారిలో మూడవవానిగా తిరిగి దేవుబానే పిలిచి, తుదకు 2005 ఫిబ్రవరి 1వ తేదీ ఉదయమున రాజు టెలివిజనులో కనబడి, మంత్రివర్గమును తొలగించితిననియు, మూడేండ్లలో శాంతిని, ప్రజాస్వామ్యమును నెలకొల్పుదుననియు చెప్పెను. ప్రసంగము ముగియుచుండగానే దేశమందలి టెలిఫోనులు మూగవోయినవి. నాయకులను ఇండ్లలో నిర్బంధించిరి. రాజే మంత్రిమండలి అధ్యక్షుడయ్యెను. ఆయనకు ఉపాధ్యక్షులైన యిద్దరిలో ఒకరు తులసీ గిరి. ఈయన కొయిరాలా మంత్రివర్గమున నుండి బయటికి వచ్చి, 1960 తరువాత మహేంద్రుని మంత్రిమండలిలో ప్రముఖుడైనవాడే. నలువది యైదేండ్ల తరువాత నాటకమునకు పాతపాత్రధారియే దొరికెను.

రేడియోలో మాటలాడుచున్నవాడను గనుక ఇక్కడ కొంచెము ఆగుదును. మహేంద్రుని నాడు నేపాళమున ప్రభుత్వపు రేడియో ఒక్కటే. 2005 నాటికి పదుల సంఖ్యలో ఎఫ్.ఎం. కేంద్రములు కొండకోనలలో పనిచేయుచుండెను. వార్తలు చదువరాదు, పాటలు మాత్రము వేయుడని వానికి ఉత్తరువాయెను. సైనికులు కేంద్రముల లోనికి వచ్చిరి. ఒక ఆంగ్ల దినపత్రిక రాజకీయములు వ్రాయరాదు గనుక మేజోళ్ళను గూర్చి సంపాదకీయము ప్రకటించినది. చదివినవారు నవ్వుకొనిరి. ప్రజలు నవ్వుకొను ఉత్తరువునకు ఆయువు తక్కువ. నవంబరులో సాగరమాథా రేడియోను పోలీసులు మూయింపగా, కొలది దినములలోనే సుప్రీముకోర్టు దానిని తెరిపించెను. మరుసటి ఫిబ్రవరిలో, లంచగొండుల విచారణకని రాజు నియమించిన సంఘమునే ఆ కోర్టు చెల్లదని త్రోసివేసినది. 1990 రాజ్యాంగము ఎంత లోపభూయిష్టమైనను, పన్నెండేండ్లలో ఒక కోర్టును, ఒక పత్రికాలోకమును, రేడియో వినుటకు అలవడిన పల్లెను తయారుచేసినది. తండ్రి ఎదుర్కొనినది పదునెనిమిది మాసముల ప్రజాస్వామ్యమును. కుమారుడెదుర్కొనినది ఇంటింట వేరూనినదానిని. భేదమునకు నాకు తోచిన మొదటి కారణమిది.

రెండవది, మూడేండ్లలో శాంతియని గడువుపెట్టుట. అంతవరకు యుద్ధమాగకపోయినచో ప్రజలు మంత్రులను తిట్టిరి. ఇక తిట్టుటకు రాజొక్కడే మిగిలెను. పైగా పార్టీలను ఇటు రాజును, అటు తుపాకిని కాదని నడుమ నిలువనీయక మావోయిస్టుల వైపునకు నెట్టినదికూడ ఆయనయే. 2005 నవంబరులో ఏడు పార్టీలును మావోయిస్టులును ఢిల్లీలో పన్నెండంశముల ఒప్పందమునకు వచ్చిరి. భారతదేశమును, బ్రిటనును ఆయుధ సహాయమును అంతకు ముందే నిలిపివేసినవి. ఈసారి రాజును ఆదుకొనుటకు సరిహద్దున యుద్ధమేదియు లేదు.

2006 ఏప్రిలు 6వ తేదీ మొదలు పందొమ్మిది దినములు దేశము స్తంభించినది. కర్ఫ్యూను లెక్కచేయక జనులు ఖాట్మండు చుట్టుమార్గమును నింపిరి. కాల్పులలో ప్రాణములు పోయినవి. 21వ తేదీన రాజు పరిపాలనాధికారమును ప్రజలకు తిరిగి ఇచ్చితినని, ప్రధానిని సూచింపుడని కోరెను. ప్రజలు ఆ ఇనామును పుచ్చుకొనలేదు. 24వ తేదీ అర్ధరాత్రి వేళ, నాలుగేండ్ల క్రిందట రద్దయిన ప్రతినిధి సభను మరల పిలువక తప్పినది కాదు. కొయిరాలా తమ్ముడు గిరిజా ప్రసాదు ఎనుబదేండ్లు దాటిన వయస్సున ప్రధాని యయ్యెను. ఆ నవంబరులో యుద్ధము సంధితో ముగిసినది. త్రిభువనుడు మాటయిచ్చిన యేబదియేడేండ్లకు, 2008లో, రాజ్యాంగ నిర్మాణసభకు ఎన్నికలు జరిగినవి. మే 28వ తేదీన ఆ సభ తన మొదటి సమావేశమున 560 ఓట్లతో, నలుగురు మాత్రమే వ్యతిరేకింపగా, రాజరికమును తొలగించెను.

పిమ్మట అంతయు సుఖముగా సాగినదని చెప్పజాలను. రాజ్యాంగము వ్రాయుటకే 2015 వరకు పట్టెను. 2025 మార్చిలో రాజు మరల రావలెనని ఖాట్మండులో ఊరేగింపులు జరిగినవి. ఆ సెప్టెంబరులో యువజనులు తిరుగబడగా ప్రధాని ఓలీ రాజీనామా చేసెను; పార్లమెంటు భవనము తగులబడెను; రాజ్యాంగములో సూటియైన త్రోవ లేకున్నను, సుప్రీముకోర్టు పూర్వ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధాని యయ్యెను. చిక్కులు తొలగించు పేరిట మరల ఒక దొడ్డిదారి తెరువవలసి వచ్చినది. అయితే సభ రద్దయిన వెంటనే ఎన్నికలకు 2026 మార్చి 5వ తేదీని నిర్ణయించిరి. 1960లో అట్టి తేదీ యేదియు లేకుండెను.

జ్ఞానేంద్రుడు 2008 జూన్ 11వ తేదీన నారాయణహితీ రాజమందిరమును విడిచి, నగరమునకు వెలుపలనున్న నాగార్జున వనములోని గృహమునకు పోయెను. మందిరమును ప్రదర్శనశాలగా మార్చిరి. టిక్కెట్టు కొని ఎవరైనను చూడవచ్చును. మహేంద్రుని భార్య రత్నాదేవి మాత్రము వృద్ధురాలగుటచే, ఆ ఆవరణలోనే యున్న మహేంద్ర మంజిలు అను ఇంట నివసించుటకు కొత్త ప్రభుత్వము సమ్మతించినది.