ఆరోగ్యవరం: పరదేశపు సాయం, పల్లెల లెక్క

విదేశీ సాయంతో వెలసిన ఆస్పత్రుల చరిత్ర రాసేవారు సాధారణంగా మంచాల సంఖ్యతో మొదలుపెడతారు. మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరానికి ఆ కొలత చాలదు. క్షయరోగాన్ని ఊరి జనంలో లెక్కగట్టే పద్ధతి, ఆ లెక్క తమ ఆశకు ఎదురుతిరిగినా దాచకుండా అచ్చువేసిన నిజాయితీ అక్కడి అసలు సంపద అని ఈ వ్యాసం వాదన.

పలు మిషన్ సంఘాలు చేతులు కలిపి 1912లో యూనియన్ మిషన్ క్షయ శానటోరియాన్ని ప్రారంభించాయి. 1915లో అది ఇప్పటి చోటైన ఆరోగ్యవరానికి చేరింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ దాని తొలి సారథి. మదనపల్లె 2022 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. చల్లని పొడిగాలికి పేరుపడ్డ మెట్టసీమ. క్షయకు మందే లేని ఆ కాలంలో గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే వైద్యం. ఈ మూడింటిలో కూలికి వెళ్లే మనిషికి సొంతంగా దొరికేది గాలి ఒక్కటే. అతను నెలల తరబడి మంచం పడితే ఇంట్లో పూట గడవదు. ఎంత మంచి శానటోరియమైనా ఈ చిక్కును విప్పలేకపోయింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత డెన్మార్క్ రెడ్‌క్రాస్, దాని నార్డిక్ సహచర సంస్థలు, యూనిసెఫ్ కలిసి బీసీజీ టీకాను దేశదేశాలకు తీసుకెళ్లాయి. 1948లో మనదేశంలో ఆ పని మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. అదే ఏడు మద్రాసు గిండీలో టీకా తయారీశాల వెలిసింది. సాయం చేసే సంస్థలు సాధారణంగా ఇన్ని లక్షల మందికి వేశామని చెప్పి తృప్తిపడతాయి. క్రిస్టియన్ కుమారుడు యొహానెస్ ఫ్రిమోట్ మోల్లర్ అక్కడితో ఆగలేదు. టీకా నిజంగా కాపాడుతోందా అని 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో పరీక్షకు దిగాడు.

ఆ పని ఓపికతో కూడినది. క్షయ సోకిందో లేదో చూడడానికి ముంజేతి చర్మంలోకి చుక్కంత ట్యూబర్‌క్యులిన్ ఎక్కించాలి. మూడు రోజులకు మళ్లీ అదే గడపకు వెళ్లి, చర్మం గట్టిపడి ఉబ్బినచోట వేలితో తడిమి, అంచు నుంచి అంచుకు మిల్లీమీటర్లలో కొలవాలి. ఆ మనిషి పొలానికో సంతకో వెళ్తే వెతికి పట్టుకోవాలి. ఆ కొలతను బట్టి అప్పటికి రోగం సోకనివారిని ఒకరిని విడిచి ఒకరి చొప్పున రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకే టీకా వేశారు. తర్వాత ఏళ్ల తరబడి రెండు గుంపులనూ కనిపెట్టి ఉన్నారు.

1973లో వెలువడిన లెక్క ఇది: టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి, వేయని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చింది. ఈ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి అంకెలు చాలవు. బ్రిటన్‌లో జరిగిన ఇలాంటి పరీక్షలో టీకా వేసిన 13,598 మందిలో 62 మందికే రాగా, వేయని 12,867 మందిలో 248 మందికి వచ్చింది. ఒకే పేరున్న టీకా అక్కడ గట్టిగా కాపాడింది, ఇక్కడ కాపాడిందని చెప్పలేని స్థితి. 1968లో మొదలైన చెంగల్పట్టు మహాపరీక్షలో ఒక్కో గుంపులో 88 వేల పైచిలుకు మందిని చూస్తే 505, 499 కేసులు తేలి మదనపల్లె అనుమానాన్ని బలపరిచాయి. ఉష్ణదేశపు నేలలో, నీటిలో ఉండే క్షయజాతి సూక్ష్మజీవులు ముందే ఒంటికి పరిచయమై టీకా చేసే మేలును కప్పేస్తాయన్నది శాస్త్రజ్ఞులు ఇచ్చే వివరణల్లో ఒకటి. పసిపిల్లలకు మెదడుపొరల క్షయ రాకుండా బీసీజీ బాగా కాపాడుతుంది కనుక పుట్టగానే వేయడం నేటికీ సాగుతోంది.

క్షయకు మందులు వచ్చాక, కూలివాడి చిక్కుకు జవాబు మద్రాసు నుంచి వచ్చింది. 1956లో మన వైద్య పరిశోధనా మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ కలిసి అక్కడ ఒక కేంద్రం పెట్టాయి. ఇంటిపట్టునే మందులు మింగిన పేదలు శానటోరియంలో మంచి తిండితో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో తేలింది. 1962లో వచ్చిన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఇంటి వైద్యాన్నే ఆధారం చేసుకుంది. ఆరోగ్యవరం క్రమంగా అన్ని జబ్బులకూ చూసే ఆస్పత్రిగా మారింది. ఈ మార్పును క్షీణతగా చూడడం తప్పని నా అభిప్రాయం. శానటోరియం అవసరం తగ్గిందంటే రోగి తన ఇంట్లో, తన పనికి దగ్గరగా ఉండగలుగుతున్నాడని అర్థం.

అయినా లెక్క పూర్తిగా తీరలేదు. 2018 నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు పడుతూ వచ్చాయి. 2024 నవంబరు నుంచి 1,000 అయ్యాయి. అది తిండికి ఇచ్చే సాయం. మందులు వాడే ఆ ఆరు నెలల్లో పోయిన కూలి ఇంకా రోగి ఇంటి ఖర్చులోనే పడుతోంది.