రంగము పోయినవాని యిల్లు

మా యింటి యటకమీద నొక టేకుపెట్టె గలదు. దానిని మావారందరును రంగం పెట్టె యనియే పిలుచుచుందురు. రంగమనగా రంగూను. గంజాము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలలో నా నగరమునకు వాడుకలో నుండిన పేరదియే. మా నాయనమ్మ తండ్రి 1937వ సంవత్సరమున నొకసారి యింటికి వచ్చినపుడు దానిని తెచ్చెనట. తాళపుచెవి పోయినందున చిరకాలము దాని నెవరును తెరువలేదు. గడచిన వేసవి సెలవులలో మేము తాళము పగులగొట్టి చూడగా, ఒక పాత కోకయు, రెండు పింగాణీ గిన్నెలును, దారముతో కట్టిన మనియార్డరు కూపనుల కట్ట యొకటియు కనబడినవి. కూపను లిరువదియేడు. మొదటిది 1933 ఆగస్టు నాటిది. కడపటిది 1941 నవంబరు నాటిది.

రంగూను ప్రయాణములను గూర్చి చరిత్రకారులు వ్రాసిన గ్రంథములు కొన్ని మేము చదివియున్నాము. వానియందు ఓడల లెక్కయు, కూలి లెక్కయు, కూలీలు పండుకొను గదుల పొడవు వెడల్పులును గలవు. ఓడ యెక్కినవాని వెనుక మిగిలిన యింటిని గూర్చి మాత్రము, మేము చూచినంతలో, రెండు వాక్యములకన్న నెక్కువ కనబడలేదు. వారు స్వగ్రామమునకు సొమ్ము పంపుచుండిరి అనుటతో నా వాక్యములు ముగియును. ఎవరి పేర పంపిరి? ఎవరు వ్రేలిముద్ర వేసి తీసికొనిరి? దానితో నెవరి యప్పు తీరెను? ఈ ప్రశ్నల నడిగినవారు లేరు.

ముందుగా ప్రయాణము సంగతి. ఆంగ్లేయులు 1826లో అరకాను, తెన్నసెరిములను, 1852లో రంగూనుతో గూడ దిగువ బర్మాను, 1885లో మాండలేను పట్టుకొనిరి. 1869లో సూయజు కాలువ తెరచిన పిదప బర్మా బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. అడవులు కొట్టి పొలములు చేయుటకు బర్మీయు లుండిరి గాని, మిల్లులలో బస్తాలు మోయుటకును, ఓడలు నింపుటకును, నగరవీధులు శుభ్రము చేయుటకును, రిక్షాలు లాగుటకును మనుష్యులు కావలసివచ్చిరి. ఇటు మన తీరమున 1866లో గంజాము కరవు, 1876 మొదలు మూడేండ్లు రాజధానిలో కరవు, 1896లో మరల ఉత్తర జిల్లాలలో కరవు. ఆకలికిని గిరాకికిని నడుమ మేస్త్రీ యొకడు నిలిచెను. వాడు బయానా యిచ్చును. ఓడ కేవు కట్టును. రంగూనులో పని చూపును. ఆ సొమ్మంతయు కూలినుండి పట్టుకొనును. బయానాలో కొంత భాగము బయలుదేరుటకు ముందే గ్రామమందలి షావుకారు చేతికి పోవుచుండెను గనుక, ఓడ యెక్కువాడు తరచుగా నొక యప్పునుండి మరియొక యప్పునకు ప్రయాణము చేసెననవచ్చును.

గోదావరి ముఖమునందలి కోరంగి రేవు 1839 తుపానులో నాశనమయ్యెను గాని, దాని పేరు సముద్రము దాటి నిలిచెను. బర్మాలో తెలుగు కూలీలందరును కోరంగీలనియే పిలువబడిరి. కళింగపట్టణమున నోడ యెక్కినవాడును అక్కడ కోరంగివాడే. కళింగపట్టణము, భీమునిపట్టణము మొదలగు రేవులలో స్టీమరు దూరముగా లంగరు వేయగా, జనులు మసూలా పడవలలో దానిని చేరుచుండిరి. విశాఖపట్టణమున సైతము 1933లో నౌకాశ్రయ మేర్పడువరకు నిదియే పద్ధతి. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పదిలక్షలకు మించిరి. నాలుగు లక్షల జనులుగల రంగూనులో సగముకన్న నెక్కువమంది వారే. పోయినవారిలో స్త్రీలు బహుస్వల్పము. అందుచేతనే గంజాము జిల్లాలో పురుషులకన్న స్త్రీల సంఖ్య యధికమని చెన్నపురి లెక్కల నివేదికలు వ్రాయుచు, దానికి వలసయే కారణమని చెప్పుచు వచ్చినవి. ఆ యంకెను చదివినవారు ఓడ నెక్కినవారిని తలచుకొనిరే గాని, గట్టున నిలిచినవారిని తలచుకొన్నట్లు లేదు.

గట్టున నిలిచినవారి పని యెట్టిది? నాట్లు, కలుపు, కోత వారికి క్రొత్తవి కావు. అవి యెప్పుడును వారివే. క్రొత్తవి వేరు. నాగలి పట్టుట స్త్రీకి నిషిద్ధము గనుక, దున్నకమునకు మరియొకని బ్రతిమాలి, వాని పొలములో రెండు దినములు కోత కోసి ఋణము తీర్చుకొనవలెను. గట్టు తెగినపుడు రాత్రివేళ నీటికాపలా కాయవలెను. శిస్తు కాలమున కరణము నెదుట నిలువవలెను. ఇల్లు దాటి మాటలాడ నెరుగని పదునెనిమిదేండ్ల పడుచు, నాలుగేండ్లు గడచునప్పటికి ధాన్యపు ధర చెప్పగలది యగుచుండెను. అయినను మగడు తిరిగివచ్చిన దినముననే, ఆమె మరల నేమియు నెరుగనిది కావలసి యుండెను. ఇది మా నాయనమ్మ తన తల్లిని గూర్చి చెప్పిన మాట. నవ్వుచు చెప్పెడిది గాని, మాకు నవ్వు రాలేదు.

ఇక మనియార్డరు. 1880లో నీ పద్ధతి తపాలాశాఖ క్రిందికి వచ్చిన తరువాతనే, చదువురాని కూలి తన కష్టార్జితమును దూరమునుండి యింటికి పంపగలుగుట సులభమయ్యెను. దీనిని మేము రైలుకన్న తక్కువ మార్పుగా నెంచము. మా కట్టలోని కూపనులు చాలవరకు పదేసి రూపాయలవి, కొన్ని అయిదేసి, ఒక్కటి మాత్రము ఇరువదియైదు, అది మా నాయనమ్మకు జబ్బుచేసిన యేటిది. వ్రాత చేతులు పలువిధములుగా నున్నవి. ఆయనకు వ్రాయుట రాదు. ఎవరు దొరకిన వారిచేత వ్రాయించెను కాబోలు. అన్నియు తండ్రిగారికి నమస్కారములతో మొదలగును. 1939లో తండ్రి గతించిన పిమ్మట అన్నగారికి నమస్కారములతో మొదలగును. ఎద్దు క్షేమమా యని యుండును. వర్షములు పడినవా యని యుండును. భార్య పేరు ఇరువదియేడింటిలో నొకచోటనైనను లేదు. ఆమెను గూర్చి చెప్పవలసివచ్చినపుడు చిన్నదాని తల్లి యని యుండును. భార్యను పేరుపెట్టి పిలువరాదను మర్యాద మన మెరిగినదే. కాని ఆ మర్యాదవలన జరిగిన దేమనగా, పదిరూపాయలును పెద్దల పేర వచ్చి, పెద్దల చేతిలో పడి, షావుకారు కడకు పోయి, మిగిలిన దేదైన నుండినయెడల ఆమెకు ఉప్పు, కిరసనాయిలు రూపమున దక్కుచుండెను. మాటలు మాత్ర మామెవి. 1940 నాటికి మా నాయనమ్మకు వీధిబడిలో అక్షరములు వచ్చెను. పెదతండ్రి సొమ్ము తీసికొని కూపను పారవేయగా, ఆ బాలిక దానిని తెచ్చి తల్లికి చదివి వినిపించుచుండెనట. కట్ట దాచినది తల్లియే.

ప్రాచీనులు ఈ స్థితి నెరుగకపోలేదు. ఆలంకారికులు ప్రోషితభర్తృక యని యొక నాయికను నిర్మించిరి. కాళిదాసుని యక్షపత్ని గడపపై పూవు లుంచి నెలలు లెక్కించును. ఆమె కన్నీటిని మేము తరగతిలో నెన్నిసార్లో వర్ణించి చెప్పితిమి. కాని ఆమె యింట వరి నాటవలసిన పని లేదు. ఈ విషయమున కవులకన్న మనువు మేలు. కార్యార్థియై దేశాంతరము పోవువాడు భార్యకు జీవనోపాయ మేర్పరచి పోవలెననియు, ఏర్పరపక పోయినచో నామె నింద్యముగాని శిల్పములచే జీవింపవలెననియు నాయన తొమ్మిదవ యధ్యాయమున చెప్పెను. పిదప వేచియుండవలసిన యేండ్ల లెక్క యిచ్చెను: ధర్మకార్యమునకు పోయినవానికై ఎనిమిది, విద్యకొరకో కీర్తికొరకో యైనచో ఆరు, కామార్థమైనచో మూడు. బస్తాలు మోయుటకు పోయినవానికై యెన్నియో చెప్పలేదు.

ఆ లెక్క 1942లో మా యింటికి కావలసివచ్చెను.

అంతకుముందే భయము మొదలయ్యెను. 1930 మే నెలలో రంగూను రేవునందలి తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె చేయగా, వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె తీరినంతనే వారిని పొమ్మనిరి. మే 26వ తేదీన కొట్లాట చెలరేగి నెత్తురు ప్రవహించెను. పొట్టకూటికి వచ్చిన యిరువురు పేదలను నెదురెదురుగా నిలిపినవారి కేమియు కాలేదు. అయినను ఓడలు నిండుగనే సాగినవి. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా హిందూదేశమునుండి వేరయ్యెను; అంతవరకు స్వదేశముగా నెంచబడినందున, 1922 నాటి వలస చట్టము కూలీల కిచ్చు రక్షణ రంగూను పోవువారికి వర్తింపనే లేదు.

కడపటి కూపనులో, మిల్లుల పని తగ్గిన తరువాత వైశాఖమునకు వచ్చెదనని వ్రాయించెను. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చి 8వ తేదీకి నగరము వారి వశమయ్యెను. ఓడలో చోటు దొరకనివారు కాలినడకను బయలుదేరిరి: కొందరు టాంగుప్ కనుమ దాటి అరకానునకు, కొందరు టమూ మార్గమున మణిపురమునకు, కడపట బయలుదేరినవారు హుకాంగ్ లోయగుండ అస్సామునకు. మొత్తము నాలుగైదు లక్షలమంది దేశమునకు మరలిరని యంచనా. కలరాచేతను ఆకలిచేతను త్రోవలో మడిసినవారు వేలకొలది. మా యూరికి నలుగురు తిరిగివచ్చిరి. ఆయన యందు లేడు. ప్రోమువరకు తమతో వచ్చెనని యొకడు, రంగూను వదలనే లేదని మరియొకడు చెప్పిరి.

అప్పటికామె వయస్సు ముప్పది. ఆమె సువాసినియా, వితంతువా? ఊరివారు పెండ్లిపేరంటములకు పిలువ జంకిరి, మానుటకును జంకిరి. కందుకూరివారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించినది మొదలు మన సంస్కర్తలు వితంతువుకొరకు పోరాడిరి. అది వారికి కీర్తి. (శ్రమజీవుల కులములు పెక్కింటిలో మారుమనువు అంతకుముందునుండియు నుండెననుట మన సభలలో తక్కువగా వినబడును.) కాని వితంతువో కాదో తెలియని స్త్రీకొరకు సభ యెవరును చేయలేదు.

చట్టము చేసిన దేమి? 1872 నాటి సాక్ష్యచట్టము, ఏడేండ్లు వార్త తెలియనివాడు బ్రదికియున్నాడని చెప్పువారే దానిని ఋజువు చేయవలెనని శాసించెను. అనగా 1949 నాటికి న్యాయస్థానము దృష్టిలో నాయన మృతుడు. 1937లో హిందూస్త్రీల ఆస్తిహక్కు చట్టము వితంతువునకు భర్త భాగమునం దనుభవహక్కు నిచ్చెను. వ్యవసాయభూములకు మద్రాసు రాష్ట్రమున దానిని 1947లో వర్తింపజేసిరి. ఇంతకాలమునకు ఆమె కొక హక్కు కలిగెను. ఆ హక్కు పొందుటకు నామె చేయవలసిన దొక్కటియే: నా భర్త చనిపోయెనని తన నోట చెప్పి, బొట్టు తుడుచుకొనుట. ఎకరమున్నర పొలమున నామె వంతు అడుగుమని తమ్ముడు హితము చెప్పెను. బావగారును, న్యాయముగా మాటలాడవలెనన్నచో, చెడ్డవాడు గాడు; వ్రాత పెట్టినచో నిచ్చెదననెను. ఆమె పెట్టలేదు. పొలము బావగారి పేరనే నిలిచెను. ఆమె యందులో నలుబదియేండ్లు కూలికి పనిచేసెను. 1988లో చనిపోవునప్పటి కామె ముఖమున బొట్టున్నది. మే మపుడు చిన్నవారము, ఆ బొట్టు మాకు జ్ఞాపకమున్నది.

ఆమె చేసినది పతిభక్తి యని కొందరు మెచ్చుకొందురు. మౌఢ్యమని కొందరు నవ్వుదురు. మేము రెండునుగాక, అట్టి యెంపిక నామె ముందు పెట్టినవారిని నిందింపవలెనందుము.

ఇపుడు ఓడలు లేవు, విమానములున్నవి. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి పురుషులు గల్ఫు దేశములకు పోవుచున్నారు. కడప సీమనుండియు, గోదావరి జిల్లాలనుండియు స్త్రీలు కువైటునకు ఇంటిపనికై పోవుచున్నారు. చదువు తక్కువైన స్త్రీ ముప్పదియేండ్లు నిండనిదే అట్టి పనికి పోరాదని ప్రభుత్వ నిబంధన గలదు. సదుద్దేశముతో చేసినదే, కాని మన పల్లెలలో ముప్పది నిండిన స్త్రీ యనగా బిడ్డలతల్లి. కనుక బిడ్డలు లేని పడుచు నిలిచి, బిడ్డలుగలది పోవుచున్నది. రాత్రి ఫోనులో ముఖము కనబడును. అది కూపనుకన్న నెంతయో మేలు, కాదనము. సొమ్ము పడు ఖాతా యెవరి పేర నున్నది, కార్డు ఎవరి జేబులో నున్నది యని మాత్రము మేము తల్లిదండ్రుల సమావేశములలో నడుగుచుందుము. తరచుగా జవాబు రాదు.

మొన్న మార్కుల పత్రములపై సంతకములు చేయించుకొని రమ్మని పిల్లలను పంపితిమి. తల్లి కువైటులో నున్న యేడవ తరగతి బాలిక యొకతె వ్రేలిముద్రతో తిరిగివచ్చినది. ముద్ర అమ్మమ్మది. క్రింద సంరక్షకుని పేరు వ్రాయవలసిన గీతపై మేనమామ పేరు వ్రాసి, కొట్టివేసి, తల్లి పేరు వ్రాసినది. ఇది చెల్లునా మాస్టరుగారూ యని యడిగినది. చెల్లునని సంతకము చేసితిమి.